బాప్తిస్మపు పుస్తకంలో తల్లి పేరు

నేను న్యూజెర్సీలో నర్సుగా చేరిన రెండో ఏడు, డెబ్భై తొమ్మిదిలో, మా వార్డు హెడ్ నర్సు నన్నొక సాయం అడిగింది. ఆవిడ నల్లజాతి స్త్రీ, అరవైకి దగ్గరపడింది. కొత్తలో ఫోనులో డాక్టర్ల యాస అర్థంకాక నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, పక్కన నిలబడి ఒక్కో మాటా విడమరిచి చెప్పింది ఆవిడే. పిస్కాటవేలో మా అపార్ట్‌మెంట్ వెనక వీధిలో ఆదివారం మధ్యాహ్నాలు నాకు డ్రైవింగ్ నేర్పిందీ ఆవిడే. అందుకని ఏ సాయమో వినకుండానే సరేనన్నాను.

"నీ కళ్ళు కావాలి నాకు, శనివారాలు," అంది.

ఆ రోజుల్లో అమెరికాలో చాలామందికి తాతముత్తాతల వివరాలు తవ్వుకునే తహతహ పట్టుకుంది. ఆవిడకీ పట్టుకుంది. కాకపోతే కళ్ళలో శుక్లాలు ముదురుతున్నాయి. పాత జనాభా లెక్కలన్నీ మైక్రోఫిల్మ్ మీద ఉంటాయి. తెర మీద వెలిసిపోయిన గొలుసుకట్టు రాత ఆవిడకి ఆనేది కాదు. నేను గుంటూరు జిల్లాలో మిషన్ స్కూల్లో ఏళ్ళ తరబడి కాపీ పుస్తకాలు రాసినదాన్ని. ఎలాంటి గొలుసుకట్టయినా చదవగలను.

ఆవిడకి కావలసింది ఒక్క పేరు. ఆవిడ అమ్మమ్మకి అమ్మమ్మ రారిటన్ నది దగ్గర ఒక డచ్చి రైతు ఇంట్లో బానిస బిడ్డగా పుట్టిందట. మా హెడ్ నర్సు వాళ్ళింట్లో ఆమెను 'బిగ్ మామా' అనేవాళ్ళు. మామా అన్నప్పుడల్లా నాకు మా మేనమామ గుర్తొచ్చి నవ్వొచ్చేది. అక్కడి రాతి చర్చిలో పసిపిల్లప్పుడే ఆమెకి బాప్తిస్మం ఇచ్చారని అమ్మమ్మ చెప్పిందట.

"బిగ్ మామాని కన్న తల్లి ఎవరు? అది తెలుసుకుని రిటైర్ అవుతాను," అంది ఆవిడ.

అప్పుడు నేను ఒక తెలివితక్కువ మాట అన్నాను. "చర్చి పుస్తకం దొరికితే చాలు. మా ఊరి చర్చి రిజిస్టర్లో మా ముత్తాత కొత్త పేరూ, పాత పేరూ, అమ్మానాన్నల పేర్లూ అన్నీ ఉన్నాయి. చర్చివాళ్ళు రాయకుండా ఉంటారా?" ఆవిడ నా మాట నమ్మింది.

శనివారం పొద్దున్నే ఫెడరల్ రికార్డులు ఉంచే భవనానికి వెళ్ళేవాళ్ళం. కిటికీలు లేని గది. నేను మెషీన్ చేతిపిడి తిప్పుతూ పేర్లు పైకి చదివేదాన్ని, ఆవిడ పెద్ద అక్షరాలతో నోట్‌బుక్‌లో రాసుకునేది. ఇంటింటికీ తిరిగి రాసుకున్న లెక్కలవి, ఏ వరుసా ఉండదు. ఒక్కో ఊరికీ వందల పేజీలు. ఒక గుమస్తా ఇంటిపేరును ఒకలా రాస్తే, పదేళ్ళ తర్వాత ఇంకో గుమస్తా ఇంకోలా రాశాడు. వయసులు మరీ అన్యాయం. పదేళ్ళలో ఒకామెకి ఆరేళ్ళే గడిచాయి.

మా ఆయనకి ఇదంతా చిరాకు. "వీకెండ్ వస్తే చాలు, కార్ తీసుకుని పోతావ్. వాళ్ళ తాతమ్మల్ని నువ్వు సెర్చ్ చేసేదేంటి? మన చుట్టాలకి లెటర్ రాయమంటే మాత్రం టైమ్ లేదంటావ్," అనేవాడు.

"ఆవిడ లేకపోతే ఆ ఉద్యోగం నాకు ఉండేది కాదండీ," అనేదాన్ని. ఆ ఒక్క జవాబే ఉండేది నా దగ్గర.

ఎనభై వేసవికి పద్దెనిమిది వందల ఎనభై నాటి లెక్కల్లో ఆవిడ అమ్మమ్మ వాళ్ళ ఇల్లు దొరికింది. పదేళ్ళ అమ్మమ్మ, ఆమె తల్లి, వాళ్ళతో పాటు అరవయ్యేళ్ళ బిగ్ మామా. ఆమె అసలు పేరు చదవగానే ఆవిడ పెన్సిలు కింద పెట్టి, "మళ్ళీ చదువు," అంది. మూడుసార్లు చదివించుకుంది. ఆ ఊపులో ఇంకా వెనక్కి వెళ్ళాం. బిగ్ మామా, ఆమె కూతురు, ఇద్దరి పేర్లూ అరుదైనవి కాబట్టి, పద్దెనిమిది వందల యాభైలో ఒక తెల్లరైతు ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ అయ్యాక చివరి రెండు వరుసల్లో దొరికారు. ఇంటిపేరు మాత్రం ఆ రైతుదే తగిలించారు.

అంతకు పదేళ్ళ ముందు లెక్క తీసేసరికి గోడకి తలకొట్టుకున్నట్టయింది. అప్పట్లో ఇంటి యజమాని పేరు ఒక్కటే రాసేవాళ్ళు. మిగతావాళ్ళంతా అంకెలే. అదే రైతు పేరుకి ఎదురుగా, నల్లవాళ్ళు, ఆడవాళ్ళు, పది నుంచి ఇరవైనాలుగేళ్ళు అన్న గడిలో 'ఒకటి' అని ఉంది.

"ఇదేనా?" అంది ఆవిడ.

"ఇదే."

"ఒకటి," అని నోట్‌బుక్‌లో రాసుకుంది.

ఇక మిగిలింది చర్చి పుస్తకం. ఆ రాతి చర్చి మా ఆసుపత్రికి అరగంట దూరం. ఆవిడ ముందు ఫోన్ చేసింది. పుస్తకం చాలా పాతది, ముట్టుకుంటే పొడైపోతుంది అన్నారు. ఉత్తరం రాస్తే, కమిటీ వసంతంలో కూర్చుంటుందన్నారు. వసంతంలో పాస్టరు మారారన్నారు. ఒకసారి సెలవు పెట్టుకుని స్వయంగా వెళ్తే, బీరువా తాళం ఒక పెద్దాయన దగ్గరుంది, ఆయన ఫ్లోరిడాలో ఉన్నారన్నారు. ఇలా రెండేళ్ళు. ప్రతిసారీ ఎంతో మర్యాదగానే చెప్పేవాళ్ళు, పైగా క్రిస్మస్‌కి కార్డు కూడా పంపేవాళ్ళు. నేను మా పాస్టరు గారి చేత కూడా ఒక ఉత్తరం రాయించాను. దానికి జవాబే లేదు.

ఎనభై రెండులో ఒక శనివారం, తెలుగువాళ్ళ ఇంట్లో ప్రార్థన కూటానికి వెళ్ళి తిరిగొస్తున్నాను. పట్టుచీర కట్టుకుని ఉన్నాను. దారిలో ఆ చర్చి కనపడింది, ఆఫీసు తలుపు తెరిచి ఉంది. ఏదో తెగింపుతో కారు ఆపి లోపలికి వెళ్ళాను. స్వెట్టరు వేసుకున్న సెక్రటరీ నన్ను చూసి లేచి నిలబడింది.

"ఇండియా నుంచా? మా సంఘం వందేళ్ళ కిందటే ఇండియాకి మిషనరీలను పంపింది!" అంది.

పాత బాప్తిస్మపు పుస్తకం చూడాలనుందన్నాను. ఎందుకని కూడా అడగలేదు. సొరుగు లాగి తాళంచెవి తీసింది. బీరువా తెరిచింది. ఐదు నిమిషాల్లో పుస్తకం నా ముందుంది. పొడైపోవడం మాట అటుంచి, దాని తోలు అట్ట మా ఇంటి బైబిలు కన్నా గట్టిగా ఉంది.

బిగ్ మామా పుట్టిన ఏటి పేజీలు తిప్పాను. ఆమె అసలు పేరు ఉంది. తేదీ ఉంది. తల్లిదండ్రులు అన్న చోట ఆ రైతు పేరు రాసి, 'వారి ఇంటి నల్లపిల్ల' అని ఉంది. అంతే. తల్లి పేరు లేదు. పై వరుసలో అదే రైతు సొంత బిడ్డకి తల్లీ, తండ్రీ, సాక్షులూ అందరి పేర్లూ వంకరలు తిప్పి మరీ రాశారు. మూడేళ్ళ కిందట నేనన్న మాట గుర్తొచ్చి పుస్తకం మూసేశాను.

మూడు రోజులు ఆవిడకి చెప్పలేకపోయాను. చివరికి ఆసుపత్రి కెఫెటీరియాలో చెప్పాను. తల్లి పేరు లేదంటే ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ అడిగింది వేరే.

"తాళం ఎక్కడుంది?"

"సెక్రటరీ సొరుగులోనే."

"రెండేళ్ళూ అక్కడే ఉందన్నమాట." కప్పులో కాఫీ అలాగే వదిలేసి లేచింది. "రేపు డ్యూటీ అయ్యాక నన్ను తీసుకెళ్ళు."

వెళ్ళాం, ఇద్దరం యూనిఫారంలోనే. సెక్రటరీ మళ్ళీ కమిటీ అంది. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, "కమిటీ వచ్చేదాకా ఇక్కడే ఉంటాను," అంది. గొంతు పెంచలేదు. నాకు ఎవరితోనూ గొడవపడే అలవాటు లేదు. అయినా నోరు తెరిచాను. "పోయిన శనివారం నాకు చూపించారు కదండీ," అన్నాను. సెక్రటరీ మొహం కందిపోయింది. పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఆవిడ భూతద్దం పెట్టుకుని ఒక్కో అక్షరం చదివింది. నేను చూపించిన వరుస దగ్గర ఆగకుండా కిందికి వెళ్ళింది.

"ఇది చూడలేదా నువ్వు?"

కింది వరుసలో ఒక మగబిడ్డ. అదే రోజు, అదే రైతు, అదే 'నల్లపిల్లవాడు'. బిగ్ మామాకి తమ్ముడో, కవలో, లేక వేరే తల్లి బిడ్డో ఏమీ తెలియదు. కంగారులో పుస్తకం మూసేసి ఆ వరుసను నేనే వదిలేశాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఫోటోకాపీకి ఒప్పుకోలేదు కనుక ఆవిడ రెండు వరుసలూ చేత్తో రాసుకుంది.

ఆ పిల్లవాడి కోసం ఇంకో రెండేళ్ళు వెతికాం. ఆ పేరున్న వాళ్ళు ఆ జిల్లాలోనే ఏడుగురు తేలారు. ఏ ఒక్కరినీ ఇతనే అని చెప్పలేకపోయాం. బానిసల బిడ్డల పుట్టుకలు కౌంటీ ఆఫీసులో నమోదు చేయాలని అప్పట్లో చట్టం ఉండేదట. పరుగెత్తుకెళ్తే, మాకు కావలసిన ఏళ్ళ పుస్తకం ఎప్పుడో పోయిందన్నారు.

ఆవిడ రిటైరయిన ఏడే ఆ చర్చి తన చరిత్ర మీద చిన్న పుస్తకం అచ్చువేసింది. వెనక బాప్తిస్మాల జాబితా. రైతు బిడ్డ ఉన్నాడు. ఆ ఇద్దరు పిల్లలు లేరు. ఆవిడ ఉత్తరం రాస్తే, స్థలం చాలలేదని, ఈసారి అచ్చువేసినప్పుడు తప్పకుండా చేరుస్తామని జవాబొచ్చింది. మళ్ళీ అచ్చువేయనే లేదు.

ఆవిడ ఒక కాపీ కొనుక్కుని మా ఇంటికి తెచ్చింది. వంటింటి బల్ల మీద పెట్టి, రైతు బిడ్డ పేరు కింద నల్ల సిరాతో ఇద్దరి పేర్లూ, తేదీ రాసింది. మా ఆయన కూడా వచ్చి నిలబడి చూశాడు. ఆ పక్కన, "తల్లి పేరు రాయలేదు" అని కూడా రాసింది.

"తెలియదు అని కదా రాయాలి?" అన్నాను.

"తెలియకపోవడం కాదు. వాళ్ళకి తెలుసు. రాయలేదు."

మర్నాడు ఆ కాపీని ఆ చర్చి ఉన్న ఊరి లైబ్రరీకి ఇచ్చేసి వచ్చాం.