అరువు గొంతు

బొమ్మల సినిమాలకు కథలు రాసే ఆమెను స్టూడియోలో అందరూ ‘మాటలమ్మ’ అనేవారు. నిజానికి ఆ బిరుదు వాళ్ళ అక్కకు దక్కాల్సింది. పొద్దున ఫోన్లో అక్క విసిరిన చమత్కారం మధ్యాహ్నానికల్లా మాటలమ్మ కాగితం మీద ప్రత్యక్షమయ్యేది. అక్కకూ ఆ సంగతి తెలుసు. “ఏమే, ఇవాళ నా మాటలెన్ని కాజేశావు?” అని పకపకా నవ్వేది.

ఈసారి కథానాయిక ఉత్తరాలు పంచే పిల్ల. చదువురానివాళ్ళకు ఉత్తరాలు చదివిపెడుతూ, చెడ్డ కబురు కనబడితే అక్కడికక్కడే మంచి కబురు చేసేస్తుంది. దర్శకుడు కడుపుబ్బా నవ్వి, చివరికి పెదవి విరిచాడు.

“అబద్ధాలు బాగా ఆడుతోంది. కానీ ఒక్కటైనా ఆమెకు ముల్లులా గుచ్చుకోవాలి కదండీ?”

మాటలమ్మ పది రోజులు తల పట్టుకుంది. పదకొండో రోజు చెయ్యకూడని పని చేసింది.

అంతకుముందెప్పుడో, ఆసుపత్రిలో అమ్మ ఆఖరి రోజు, చిన్నది వచ్చిందా అని ఆమె అదేపనిగా అడుగుతుంటే, అక్క వరండాలోకి వెళ్ళి నర్సు ఫోనుకు ఫోన్ చేసింది. నర్సు దాన్ని అమ్మ చెవికి ఆనించగానే అచ్చం చెల్లెలి గొంతుతో, “బయల్దేరానమ్మా, దారిలో ఉన్నా” అంది. అమ్మ స్థిమితపడి కన్నుమూసింది. ఆ తర్వాత ఒకే ఒక్కసారి అక్క, “అమ్మని మోసం చేశానేమోనే” అని చెల్లెలి దగ్గర బావురుమంది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. అమ్మ పోయిన రోజంతా చెల్లెలు స్టూడియోలో కూర్చుని ఉంది. సెలవడిగితే ఇచ్చేవారే. అడగలేదు.

ఆ ఒట్టును గట్టున పెట్టి, అదంతా కథలో రాసేసింది. చెల్లెలిని మాత్రం తమ్ముణ్ణి చేసింది. పాపం వాడు సముద్రం మీద తుపానులో చిక్కుకుపోతాడు. కథానాయిక తలుపు చాటు నుంచి వాడి గొంతుతో పలుకుతుంది. దర్శకుడు కళ్ళు తుడుచుకున్నాడు.

బొమ్మల సినిమాలో ముందు గొంతు, ఆ తర్వాతే బొమ్మ. పేరున్న నటి వచ్చేలోగా ఎవరో ఒకరు చదివిపెడితే, దాన్నిబట్టి పెదాలు గీయడం మొదలుపెడతారు. ఆ మాటల విరుపు అక్కకు తప్ప ఇంకెవరికీ రాదని మాటలమ్మ అక్కనే పిలిపించింది. మధ్యలో ఆ పేజీలున్నాయని మాత్రం చెప్పలేదు. బాగా రాస్తే అక్క క్షమించేస్తుందని లోలోపల ఓ ఆశ. అంత బుద్ధితక్కువ ఆశ పగవాళ్ళకు కూడా వద్దు.

అక్క గాజు గదిలో నిలబడి నవ్విస్తూ చదివింది. ఆ పేజీ దగ్గర ఒక్క క్షణం ఆగి, అద్దంలోంచి చెల్లెలి వైపు చూసింది. మళ్ళీ కాగితం వైపు తిరిగి చివరిదాకా చదివేసింది. గొంతు వణకాల్సిన చోట వణికింది. ఇవతల ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. మాటలమ్మకు చేతులు లేవలేదు.

అక్క బయటికి వచ్చి కాగితాలు ఆమె చేతిలో పెట్టింది.

“బాగా రాశావే. వాడికంటే తుపానొచ్చింది. ఆ రోజు నీకేమొచ్చిందే?”

పనుందనో, బండి దొరకలేదనో చెప్పడం మాటలమ్మకు ఎంతసేపు! నోటిదాకా వచ్చింది కూడా.

“ఏమీ రాలేదక్కా. అమ్మనలా చూడాలంటే భయమేసింది.”

“నాకూ వేసిందే,” అని అక్క చెప్పులేసుకుంది.