మొగులయ్య పేరు మీద అమ్మిన వాచీలు

ఇస్నాపూర్‌లో వాచీలు బాగుచేసే మొగులయ్యకు ఒక రోగం ఉండేది. ఎవరైనా మెచ్చుకుంటే ఆ పూట అన్నం ఎక్కేది కాదు, ఆ మాటతోనే కడుపు నిండిపోయేది. ఇంతకన్నా పెద్ద రోగాలున్న పెద్దమనుషులు లోకంలో బోలెడుమంది కాబట్టి, దీన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

అతను పుట్టుకతో వాచీలవాడేం కాదు. జిన్నారం దారిలో ఒక మందుల ఫ్యాక్టరీలో, బాయిలర్ దగ్గర సగం వయసు కరిగించాడు. అది మూతపడ్డాక, చిన్నతనంలో సంగారెడ్డిలో మేనమామ దగ్గర నేర్చిన విద్యకు దుమ్ము దులిపి బస్టాపు పక్కన చిన్న డబ్బా కొట్టు పెట్టుకున్నాడు. అప్పటికే జనం సెల్‌ఫోన్లో టైము చూసుకుంటున్నారు. పాత కీ ఇచ్చే వాచీలు కొని, బాగుచేసి, మెరుగుపెట్టి వేలాడదీస్తే చూసేవాళ్లే గాని కొనేవాళ్లు లేరు.

ఆ వాచీలకు కొత్త సంత చూపించినవాడు వీర్రాజు. తండ్రి ఉద్యోగం కోసం భీమవరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మొగులయ్య డబ్బాకు ఎదురుగానే ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాడు.

"పాత వాచీలంటే పడిచచ్చేవాళ్లు దేశమంతా ఉన్నారండీ. ఇంటర్నెట్లో వేలంపాట సైటుంది, అందులో పెడదాం."

"నన్ను సూడకుండ, వాచీ పట్టి సూడకుండ ఎవడు కొంటడయ్యా?"

కొన్నారు. వస్తువు చేతికందాక అమ్మినవాడి గురించి నాలుగు ముక్కలు రాసే పద్ధతి ఆ సైటులో ఉంది. వాచీ మీద గీత ఉంటే మొగులయ్య ముందు ఆ గీతకే ఫోటో తీయించేవాడు. దాంతో రెండేళ్లలో వందల మంచి మాటలు పోగుపడ్డాయి. సాయంత్రం డబ్బా మూసి సెంటర్‌కు పోయి, "కొత్తగ ఏమన్న రాసిండ్రా? జెర చదువు" అని కూర్చునేవాడు. పుణె నుంచి ఎవరో నిజాయితీ గల మనిషి అని రాస్తే, ఆ మాట మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. ఫ్యాక్టరీలో అన్నేళ్లు చెమటోడ్చినా అతన్ని అంత మాట అన్నవాడు లేడు. డబ్బులూ వచ్చేవి గాని, అతనికి కావలసింది ఆ పేరే.

2006 ఎండాకాలంలో సైటు పేరుతో ఒక మెయిలు వచ్చింది. మీ ఖాతా మీద అనుమానం ఉంది, వెంటనే పాస్‌వర్డు నింపి రుజువు చేసుకోకపోతే మూసేస్తాం అని దాని సారాంశం.

వీర్రాజు తల గోక్కున్నాడు. "ఇదేదో తేడాగా ఉందండీ. రేపు తెలిసినవాణ్ని అడుగుదాం."

రేపు అనగానే మొగులయ్యకు పాత సంగతి గుర్తొచ్చింది. ఫ్యాక్టరీలో అతని జతగాడు పోచయ్య కంపెనీ ఇచ్చిన మెమోను జవాబివ్వకుండానే జేబులో పెట్టుకుని పెండ్లికి పోయాడు. తిరిగొచ్చేసరికి గేటు దగ్గరే ఆపేశారు, ఉద్యోగం పోయింది. కంపెనీ కాగితం వస్తే పొద్దు గుంకేలోపు జవాబివ్వాలన్నది ఆనాటి నుంచి మొగులయ్యకు వేదం.

"కంపెనోడు అడిగిండంటే ఇయ్యాలనే చెప్పాలె. మనం దొంగలమా, దాచిపెట్టనీకి? కొట్టు!"

వీర్రాజు కొట్టాడు. ఆ మెయిలు పంపింది కంపెనీ కాదు, ఎవడో దొంగ. మర్నాడు ఖాతా తెరవబోతే పాస్‌వర్డు తప్పంది. బయటినుంచి చూస్తే మొగులయ్య పేరు కింద స్విట్జర్లాండు బంగారు వాచీలు, వజ్రాలు పొదిగినవి, బారులు తీరి వేలానికున్నాయి. బొమ్మలు ఎక్కడినుంచో ఎత్తుకొచ్చినవి. అసలు వాచీ ఒక్కటీ లేదు.

"వాడు డబ్బా పలగ్గొట్టి అన్నీ ఎత్కపోయినా గింత బాధ కాకపోవు" అన్నాడు మొగులయ్య. సైటుకు రాశారు. పరిశీలిస్తున్నాం అని జవాబొచ్చింది. వాళ్లు పరిశీలించేలోపు వేలాలు ముగిశాయి, దొంగ పంట కోసుకుపోయాడు.

కొన్నాళ్లకు సిద్దిపేట నుంచి వెంకటేశం అనే బట్టల కొట్టాయన బస్సు దిగి, సైటులో చూసిన పేరూ ఊరూ పట్టుకుని వాకబు చేస్తూ డబ్బా దగ్గరికొచ్చాడు. బంగారు వాచీకి డబ్బు కట్టి మోసపోయినవాళ్లలో ఒకడు. మొగులయ్య జరిగిందంతా చెప్పాడు, ఒట్లు పెట్టాడు. ఆయన అరవలేదు.

"దొంగలుంటరని నాకు తెల్వదా అన్నా? నీ గురించి రాసినయి ఒక్కొక్కటి సదివిన. గింతమందికి మంచిగ చేసినోడు నన్నొక్కణ్ని ఎందుకు ముంచుతడు అనుకున్న."

ఆ మనిషి చొక్కా పట్టుకుని నాలుగు తిట్టి ఉంటే నయమనిపించింది మొగులయ్యకు. తాను కూడబెట్టిన పేరే ఈయన్ని ముంచింది.

వెంకటేశం కేసు పెట్టాడు. పెట్టక ఏం చేస్తాడు? పోలీసులు మొగులయ్యను జీపెక్కించుకుని పోయారు. డబ్బు ఎక్కడో వేరే రాష్ట్రంలో ఎవడిదో బ్యాంకు ఖాతాకు పోయిందని తేలాక మర్యాదగానే వదిలేశారు. జీపెక్కడం బస్టాపంతా చూసింది, నడిచి తిరిగిరావడం ఎవరూ చూడలేదు. "నిప్పు లేంది పొగ రాదు గదా" అని హోటల్లో చాయ్ తాగుతూ అనుకున్నారు. సైటువాళ్లు ఖాతా తిరిగిచ్చారు గాని, మంచి మాటల నెత్తిన ఎర్రరంగులో తిట్లు కూర్చున్నాయి. వీర్రాజు చదవబోతే మొగులయ్య లేచి వచ్చేశాడు. మళ్లీ ఆ సెంటర్ మెట్టెక్కలేదు.

ఆ తర్వాత ఒకనాడు రాజవ్వ వచ్చింది. పక్కవాడలో ఉండే మనిషి, వరసకు అక్క. చనిపోయిన పెనిమిటి వాచీ కొంగులోంచి తీసింది.

"ఆగిపోయింది తమ్మీ."

"పెట్టిపో అక్కా, రేపు రా."

ఆమె వాచీని బల్ల మీద పెట్టలేదు. "రేపెందుకు? ఈడనే కూసుంట. నా ముంగట చెయ్యి."

"జల్దీ కాదక్కా. నడుం నొస్తది."

"నొస్తే నొయ్యనీ." రాజవ్వ రోడ్డు వైపు చూస్తూ అంది. "మీ బావది ఇదొక్కటే ఉన్నది తమ్మీ."

మొగులయ్య స్టూలు లాగి ఆమెకు వేశాడు. బల్ల మీద తెల్లకాగితం పరిచి వాచీ వెనకమూత విప్పాడు. రాజవ్వ కళ్లు అతని వేళ్ల మీదినుంచి కదల్లేదు. అతను మర తీశాడు, చక్రం తీశాడు, తీసిన ప్రతిదాన్నీ ఆమె వైపు పెడుతూ, "ఇది నీదే అక్కా... ఇగో, ఇది గూడ నీదే" అని చెప్పాడు. రాజవ్వ వద్దనలేదు. ఒక్కొక్కదాన్నీ వంగి చూసి తలూపింది.