పడవ కొక్కెం కోసం దిల్‌సుఖ్‌నగర్ దాకా

పొద్దున్న అయిదున్నరకు మా ఊళ్ళో ఆటో ఎక్కాం. నాతో పడవ నడిపే యాదయ్య ఉన్నాడు. అతని ఒళ్ళో, తువ్వాలులో చుట్టిన విరిగిన ప్లాస్టిక్ కొక్కెం. పడవలో స్టీరింగు కేబుల్‌ను పట్టి ఉంచేది అదే. పది రోజుల కిందట కృష్ణా నది నడుమ పుటుక్కున విరిగింది. తొమ్మిది మంది బడిపిల్లలతో పడవ ఉన్నచోటే గిరగిరా తిరిగితే, యాదయ్య తెడ్డు వేసి ఒడ్డుకు చేర్చాడు. అప్పటి నుంచి పడవ కట్టేసే ఉంది. అవతలి తండా పిల్లలు మా బడికి రావడం లేదు. నేను ఆ బడిలో పంతులును.

ఆ రకం పడవల తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. కొక్కెం ఎక్కడా దొరకలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో త్రీడీ ప్రింటర్ మీద, ప్లాస్టిక్‌ను పొరలు పొరలుగా పేర్చి చేసిస్తారని ఒక మిత్రుడు చెప్పాడు.

దేవరకొండలో ఏడింటికి హైదరాబాద్ బస్సు దొరికింది. పక్క సీట్లో, చంపాపేట్‌లో కూతురింటికి పోతున్న ముసలమ్మ తువ్వాలు వంక చూసింది.

"గండ్ల ఏముంది బిడ్డా?"

"పడవ ముక్కవ్వా."

"గింత ముక్కకు పట్నం దాక పోతున్రా!"

పదింటికి ఎల్‌బీ నగర్‌లో దిగి, ఇడ్లీ తిని, మెట్రో ఎక్కాం. మూడో స్టేషన్‌లో దిగాలి. కోచింగ్ సెంటర్ల వెనక సందులో, ఇంజనీరింగ్ విద్యార్థులకు ప్రాజెక్టులు చేసిచ్చే దుకాణం అది. నడిపే ఝాన్సీగారిది తణుకు. ఆవిడ కొక్కేన్ని అటూ ఇటూ తిప్పింది.

"మిగతా సగం ఏదండీ?"

"నీళ్లల్ల పడ్డది మేడమ్."

"మరి ఆకారం తెలీకుండా ఎలా గీయనండీ?"

యాదయ్య బయటికెళ్ళి ఒక సబ్బు కొనుక్కొచ్చాడు. మెట్ల మీద కూర్చుని, బ్లేడుతో పోయిన సగాన్ని చెక్కాడు. విరిగిన అంచుకు ఆనిస్తే సరిగ్గా కూర్చుంది. ఝాన్సీగారు ఆ రెండింటికీ కలిపి కొలతలు తీసుకుంది.

మేం భోజనం చేసి వచ్చేసరికి కొత్త కొక్కెం తయారైంది. ఆవిడ దాన్ని బల్లకున్న ఇనుప పట్టు, వైస్‌లో బిగించి, "లాగి విరగ్గొట్టండి" అంది.

"గిప్పుడే చేసిండ్రు గద మేడమ్!"

"నది మధ్యలో విరిగేకంటే ఇక్కడే విరగనివ్వండి."

యాదయ్య లాగాడు. అది పొరల వెంబడి విరిగింది. ఆవిడ ఆ అంచును వేలితో తడిమి, "నిలబెట్టి ప్రింట్ చేశాను, అదే తప్పు. పడుకోబెట్టి, మందం పెంచి చేస్తాను" అంది. రెండోసారి మూడు చేసింది. వాటిలో ఒకదాన్ని నేనూ యాదయ్యా కలిసి లాగినా విరగలేదు. మిగతా రెండూ మాకిచ్చింది.

"ఎండకు ఆగే ప్లాస్టిక్కేనండీ. అయినా పగులు కనిపిస్తే మార్చేయండి."

అయిదున్నరకు ఎల్‌బీ నగర్‌లో తిరుగు బస్సు ఎక్కాం. ఆ దుకాణానికి వెళ్ళేవాళ్ళు ఒక రోజంతా దీనికే కేటాయించుకుని వెళ్ళాలి. విరిగిన ముక్కలన్నీ పోగుచేసి పట్టుకెళ్ళాలి.

"రేపు పిల్లల్ని రమ్మందామా?" అన్నాను.

"వద్దు సార్. మొదలు ఖాళీ పడవ తోల్త."

"నేనూ వస్తాను."

"మీకు ఈత రాదు గద."

ఇబ్రహీంపట్నం దాటాక యాదయ్య నిద్రపోయాడు. నాకు నిద్ర రాలేదు. ఈ పది రోజుల్లో, ఇనుప తీగతో కట్టి ఎలాగోలా నడపమని అతన్ని రెండుసార్లు అడిగాను. రెండోసారి కోప్పడ్డాను కూడా. అతను పడవ విప్పలేదు. పిల్లల చదువు గురించి ఆలోచించింది నేనొక్కణ్ణే అనుకున్నాను. వాళ్ళు క్షేమంగా ఒడ్డు చేరడం గురించి ఆలోచించినవాడు నా భుజం మీద తల వాల్చి పడుకున్నాడు. లేపకుండా, దేవరకొండ దాకా కదలక కూర్చున్నాను.