తాళం వేసిన ఇంట్లో బుగ్గ

దీపావళి వెళ్లిన మూడో వారంలో ఒక మంగళవారం సాయంత్రం, వడ్డేపల్లి మండలంలోని ఒక ఊళ్లో నేను ఒక ఇంటి ఫ్యూజు తీయించాను. అలా తీయాలంటే కారణం ఉండాలి, ముందు నోటీసు ఇచ్చి ఉండాలి. నా దగ్గర రెండూ లేవు. చుట్టూ జనం ఉన్నారు. వాళ్ల ముందు ఒక ఉదాహరణ చూపించాలన్న ఉబలాటం నాకుంది. ఆ ఉబలాటమే నా తప్పు.

అప్పుడు నేను గద్వాల ప్రాంతంలో ఏడీఈగా పనిచేస్తున్నాను. సెక్షన్లు చూసుకునే ఏఈలకు పైన, డివిజన్ మొత్తం చూసుకునే డీఈకి కింద ఉండే ఉద్యోగం అది. రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుంది. మాది వనపర్తి. సర్వీసు మొదట్లో బల్మూరు వైపు పనిచేసినప్పుడు మా పనల్లా వెలుగు లేని చోటికి వెలుగు తీసుకుపోవడమే. స్తంభం పాతి, తీగ లాగి, మొదటి దీపం వెలిగేదాకా నిలబడి చూసేవాళ్లం. చివరి ఏళ్లకు వచ్చేసరికి వెలుగుతున్నదాన్ని ఎలా తగ్గించాలో చెప్పడం నా పని అయింది. ఊరూరా పొదుపు ప్రదర్శనలు పెట్టే బాధ్యత నాకిచ్చారు. నాకు ఆ పని నచ్చింది. నచ్చడం కాదు, అదొక పట్టులా పట్టుకుంది. ఎవరింటికి భోజనానికి వెళ్లినా నా కళ్లు ప్లేటు మీద కాక, టీవీ కింద వెలిగే ఎర్రచుక్క మీద ఉండేవి. రిమోట్ కోసం కాచుకుని ఉండే ఏ పరికరమైనా, ఆపేసినట్టు కనబడుతూనే కొంచెం కరెంటు తింటుంది. ఆ ఎర్రచుక్కలన్నీ ఒక రాశిగా నా కలల్లోకి వచ్చేవంటే అతిశయోక్తి కాదు.

ఆ మంగళవారం పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశాం. ఒక ఇనుప చట్రానికి రెండు ఫ్యాన్లు వేలాడదీసి, ఒక్కోదానికి ఒక్కో మీటరు పెట్టాం. ఒకటి మామూలు ఫ్యాను, ఇంకోటి రిమోట్‌తో నడిచే కొత్తరకం. గాలి ఒక్కలాగే వస్తుంది, కొత్తది సగం కంటే తక్కువ కరెంటు తీసుకుంటుంది. నేను కుర్చీలో కూర్చుని రిమోట్ నొక్కుతుంటే ఫ్యాను నెమ్మదించేది, వేగం అందుకునేది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన చెయ్యెత్తాడు.

"మంచంల పండుకొని బందు చేసుడు బాగనే ఉన్నది గని సారూ, కరెంటే పోతే గీ డబ్బాతోని ఇసురుకోవాల్నా?"

షామియానా అంతా నవ్వింది. నేనూ నవ్వాను కానీ, సభ నా చేతిలోంచి జారిపోయిందని లోపల కొంచెం గుచ్చుకుంది.

అప్పటికి పొద్దు వాలింది. ఊరి చుట్టూ పత్తి విచ్చి ఉంది. పొగమంచు దిగడం మొదలై, చేలూ కాలువగట్టూ ఒకదానిలో ఒకటి కరిగిపోతున్నాయి. చేలకూ ఊరికీ మధ్య తెల్లటి పత్తి ఏదో నీళ్లమీద తేలుతున్నట్టు కనబడింది. ఆ తెలుపు అంచున, ఊరి చివర, ఒక ఇంటి అరుగు మీద బుగ్గ, అదే కరెంటు బల్బు, వెలిగింది. ఆ ఇంటి తలుపుకు తాళం ఉంది. దగ్గరలో ఎవరూ లేరు.

"ఏసోబొచ్చిండురో," అన్నాడొకడు. "బుగ్గ వస్తది, మనిషి రాడు," అన్నాడింకొకడు. మళ్లీ నవ్వులు.

లైన్‌మన్ నర్సింహులును అడిగాను. ఏసోబు, అతని భార్య మార్తమ్మ హైదరాబాదులో బిల్డింగు పనికి వలస పోయారని చెప్పాడు. పొలం మోటార్లకు పెట్టే సిమ్ డబ్బా ఒకటి తెచ్చి, దాన్ని అరుగు మీది బుగ్గకు కట్టి పోయాడట. అక్కడినుంచి ఫోన్ కొడితే ఇక్కడ వెలుగుతుంది, మళ్లీ కొడితే ఆరిపోతుంది.

నాకు కావలసిన ఉదాహరణ దొరికింది. మైకు అందుకుని, ఎవరూ లేని ఇంట్లో వెలిగే దీపం కంటే దుబారా ఏముంటుందని అడిగాను. పైగా ఆ డబ్బా రాత్రింబవళ్లు ఫోను కోసం కాచుకుని కరెంటు తింటుందని వివరించాను. ఆ ఇంటి పక్కనే ఉండే బాలమ్మ అనే ఆవిడ లేచి నిలబడింది.

"గా బుగ్గ ఉండనీ సారు. గది పిల్ల కోసం పెట్టిండ్రు."

"ఇంటికి తాళముంటే పిల్లెక్కడుంది అమ్మా? బుగ్గ కింద బల్లులు చదువుకుంటున్నాయా?" అన్నాను.

ఈసారి జనం నా మాటకు నవ్వారు. బాలమ్మ ఇంకేదో చెప్పబోయి, జనాన్ని ఒకసారి చూసి, కొంగు సర్దుకుని కూర్చుంది. నేను నర్సింహులును పంపాను. మీటరు పక్కన కటౌట్ అని చిన్న పెట్టె ఉంటుంది, ఫ్యూజు అందులో ఉంటుంది. అతను దాన్ని లాగగానే బుగ్గ ఆరిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. చీకట్లో ఆ ఇల్లు ఎక్కడుందో ఇక కనబడలేదు.

మర్నాడు పొద్దున నర్సింహులు ఫోన్ చేశాడు. ఫ్యూజు పెట్టమని ఏసోబు హైదరాబాదు నుంచి బతిమాలుతున్నాడని, జర పెట్టేస్తానని అన్నాడు. అప్పుడైనా నేను ఎందుకని అడగలేదు. ఊరికి వచ్చి, ఇల్లు తెరిచి, దరఖాస్తు పెట్టుకోమను, అన్నాను. ముందురోజు చేసింది తొందరపాటని ఎవరైనా అనవచ్చు. ఇది మాత్రం ఆలోచించి చేసిన తప్పు.

ఆ బుగ్గ సంగతి ఇది. ఏసోబు కూతురు ఎస్తేరు ఎనిమిదో తరగతి. ఊరికి ఎదురుగా, కాలువ అవతలి మిట్ట మీద ఉన్న ఆడపిల్లల గురుకులంలో ఉండి చదువుకుంటోంది. అక్కడ పిల్లల దగ్గర ఫోన్లు ఉండకూడదు. తల్లిదండ్రులతో ఆదివారం మాత్రమే మాట్లాడనిస్తారు. అంతకుముందు ఏడాది ఆ ఊరి మనిషే ఒకడు హైదరాబాదులో కట్టే బిల్డింగు మీంచి పడి చనిపోయాడు. అప్పటినుంచి పిల్లకు నిద్ర లేదు. మీరు పోతే నేనూ వస్తానని పట్టుబట్టింది. అప్పుడు ఏసోబు ఈ ఉపాయం చేశాడు. పొద్దుగూకే వేళ తానూ మార్తమ్మా పని దిగి నేల మీదికి రాగానే ఫోన్ కొడతాడు, అరుగు మీద బుగ్గ వెలుగుతుంది. తిని పడుకునే ముందు మళ్లీ కొడతాడు, ఆరిపోతుంది. బడి మేడ మీంచి చూస్తే చేల మీదుగా ఆ ఇల్లు కనబడుతుంది. పిల్ల రోజూ అది చూసి పుస్తకం తెరిచేది.

మంగళవారం బుగ్గ వెలిగిన కాసేపటికే ఆరిపోయింది. తినకుండా పడుకున్నారేమో అనుకుందట. బుధవారం అసలు వెలగలేదు. ఊరంతా చీకటైతే కరెంటు పోయిందనుకునేది. కానీ ఊరంతా వెలుగుతోంది, తన ఇల్లొక్కటే చీకటి. ఆ తేడా చదవడం ఆ పిల్లకు వచ్చు. భోజనాల గంట కొట్టకముందే వెనక గోడ దిగి, కాలువగట్టు దాటి, పత్తిచేలలో పడి ఇంటికి పరుగెత్తింది.

ఫ్యూజు పెట్టనన్నారని, ఆ సాయంత్రం బుగ్గ వెలగదని బాలమ్మకు ఏసోబు ఫోన్లో చెప్పాడు. పత్తి ఏరుడు అయ్యాక బడికి పోయి పిల్లకు చెప్పాలనుకుంది ఆవిడ. చేను నుంచి ఆవిడ తిరిగి వచ్చేసరికి పిల్ల అరుగు మీద కూర్చుని ఉంది. మరోవైపు బడిలో లెక్క తగ్గింది. టీచర్లు టార్చిలైట్లతో కాలువ వెంట పేరు పెట్టి పిలుస్తూ తిరిగారు. నర్సింహులు నాకు ఫోన్ చేసి ఒక్క మాటే అన్నాడు: "సారూ, మనం పీకిన ఫ్యూజు కాడ పిల్ల కూసున్నది, లేస్తలేదు."

గద్వాల నుంచి ఆ దారంతా నాకు ఇప్పటికీ ఒక కలలాగే గుర్తుంది. జీపు దీపాల ముందు మంచు పాయలు విడిపోతూ, మూసుకుంటూ ఉన్నాయి. రోడ్డు పక్కన ప్రతి ఇంట్లోనూ దీపం ఉంది. ముప్పై ఏళ్లకు పైగా ఆ దీపాలను లోడుగానే చూశాను. ఆ సాయంత్రం ఒక్కో దీపం ఎవరో ఎవరికో పంపుతున్న కబురులా కనబడింది. వాటిలో ఏది ఎవరికో నాకు తెలియదు.

అరుగు దగ్గర పదిమంది ఉన్నారు. నన్ను చూసి బాలమ్మ, "గీ సారే," అంది. పిల్ల లేచి నిలబడింది. లంగా అంచుకు పత్తికాయ డొప్పలు అంటుకుని ఉన్నాయి.

"మా నాయిన దిగిండా సారు?"

నాకు అర్థం కాలేదు. ఎక్కడినుంచి అని అడిగాను.

"బిల్డింగు మీంచి."

నా ఫోన్ నుంచే ఏసోబుకు కలిపాను. "దిగినం బిడ్డా, ఇద్దరం దిగినం, నిన్న గూడ దిగినం," అని అతను అంటూనే ఉన్నాడు. వెనకనుంచి మార్తమ్మ, అన్నం తిన్నదా అడుగమని అరుస్తోంది. పిల్ల ఫోను చెవికి ఆనించుకుని గోడవైపు తిరిగింది. తర్వాత ఏసోబు నాతో మాట్లాడాడు. తిడతాడనుకున్నాను.

"కరెంటు మిగులబెట్టిండ్రు సారు, మంచిదే. మమ్ములనొక మాట అడిగితే ఏమయితుండె?" అన్నాడు.

ఫ్యూజు నేనే పెట్టాను. నర్సింహులు చెయ్యి చాపినా ఇవ్వలేదు.

అసలు కష్టం ఆ రాత్రే, టీచర్లు వచ్చి పిల్లను బడికి తీసుకుపోయాక మొదలైంది. అనుమతి లేకుండా, చీకటి పడే వేళ గోడ దూకి పోయిన పిల్లను ఉంచుకోలేమని బడిలో తేల్చారు. తల్లిదండ్రులను పిలిపించి టీసీ ఇచ్చేస్తామన్నారు. టీసీ ఇస్తే ఆ పిల్ల ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. హైదరాబాదులో ఆ బిల్డింగు కిందికే పోతుంది. ఇటుకలందిస్తుంది. పుస్తకం మళ్లీ తెరవదు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి ప్రిన్సిపాల్ మేడమ్ ముందు కూర్చున్నాను. ఆమె కళ్లు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి. జరిగింది మొదటినుంచి చెప్పాను, జనం ముందు వేసిన బల్లుల జోకుతో సహా. ఆమె అంతా విని, ఫ్యూజు మీరు తీశారు సరే, కాలువగట్టు దాటింది నా పిల్ల కదా, కాలు జారి ఉంటే నేను ఎవరికి జవాబు చెప్పాలి, రేపు ఇంకో పిల్ల గోడ దిగితే ఏం చేయాలి అని అడిగింది. ఆమె అన్నది న్యాయమే. ఎస్తేరును పంపితే నా తప్పుకు శిక్ష ఆ పిల్లకు పడుతుందని మాత్రం అన్నాను. అయితే ఈ మాట నాకు కాదు, పిల్లలందరికీ చెప్పండి అంది ఆమె.

ప్రార్థన సమయంలో వందలమంది ఆడపిల్లల ముందు నిలబడి చెప్పాను. బాలమ్మ చెప్పబోతే నేను వినలేదని, అందువల్ల మీ తోటి పిల్ల ప్రాణం మీదికి వచ్చిందని. భయం వేస్తే గోడ దిగవద్దు, మేడమ్ తలుపు కొట్టండి అని. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వనిచ్చాను. ఎస్తేరు తల వంచుకుని మూడో వరసలో నిలబడి ఉంది. మేడమ్ ఆమెకు టీసీ ఇవ్వలేదు. తల్లిదండ్రులు వలస పోయిన పిల్లలు సాయంత్రం ఒక నిమిషం ఆఫీసు ఫోనులో మాట్లాడవచ్చని మాత్రం కొత్తగా నియమం పెట్టింది.

బయటికి వచ్చేముందు ఆమె నన్ను మేడ మీదికి తీసుకెళ్లి చూపించింది. పగటి వెలుగులో ఆ ఇల్లు అగ్గిపెట్టెంత ఉంది. కిందంతా పత్తి, ఎవరో ఆకాశాన్ని విప్పి ఆరబెట్టినట్టు. అక్కడినుంచి చూస్తే నా షామియానా వేసిన చోటు కూడా కనబడుతుంది. కానీ దానికోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆఫీసుకు వచ్చి డీఈ గారికి నా మీద నేనే రిపోర్టు ఇచ్చాను. నోటీసు లేకుండా సర్వీసు తీయించానని, మర్నాడు తెలిసి కూడా పునరుద్ధరించలేదని. ఎవరూ ఫిర్యాదు చేయలేదు కదా, ఎందుకు నెత్తిన వేసుకుంటారని ఆయన అన్నారు. నేను రిపోర్టు వెనక్కి తీసుకోలేదు. మెమో వచ్చింది, సర్వీసు రికార్డులో హెచ్చరిక రాశారు. ఆ వారంలోనే బాలమ్మ ఇంటికి వెళ్లి, ఆ రోజు నవ్విన వాళ్లలో నలుగురి ఎదుట క్షమించమని అడిగాను. "పోనీ సారు, చాయ తాగుతరా?" అంది. తాగాను.

పొదుపు ప్రదర్శనలు ఆ తర్వాత కూడా చేశాను. రిమోట్ ఫ్యాను మంచిదే, ఇప్పటికీ అదే చెబుతాను. తాళం వేసిన ఇంటి సర్వీసు ముట్టుకునే ముందు ఇంటివాళ్లకు తెలియజేయాలన్నది మా నిబంధనల్లో ముందునుంచే ఉంది. ఎదుటి మనిషి చెప్పేది చివరిదాకా వినాలన్నది అందులో లేదు. దాన్ని నా కింది ఏఈలకు, లైన్‌మన్లకు నోటితో చెప్పాను, నేను చేసింది కూడా కలిపి చెప్పాను.

ఆ ఇంట్లో సిమ్ డబ్బాకూ బుగ్గకూ కలిపి ఒక చిన్న బ్యాటరీ కట్టించాను. అయినా గాలివానకు తీగలు తెగి బ్యాటరీ అయిపోయిన సాయంత్రాలు, బడి ఫోను పలకని సాయంత్రాలు ఉండేవి. అందుకని ఏసోబుకు నా నంబరిచ్చి, అలాంటి రోజున నాకు చెప్పమన్నాను. మూడు వలస కాలాలు, రిటైరైన తర్వాత కూడా, "దిగినం సారు," అని ఫోన్ వచ్చినప్పుడల్లా నేను గద్వాలలో బండి తీసి, ఆ బడిదాకా వెళ్లి, గేటు దగ్గర ఆ మాట అప్పజెప్పి వచ్చాను.