సున్నాల మాస్టారు

ముందు గదిలో ప్రింటరు గురగురమనగానే వంటింట్లో నేను టీకి నీళ్ళు పడేసేదాన్ని. కాగితం బయటికొచ్చి, ఆయన దాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని ఒకసారి చదువుకుని, గిరాకీని పంపేసరికి టీ మరిగేది. ఇన్నేళ్ళూ మా ఇంటి గడియారం అదే. ఇప్పుడు టీ ముందే పెట్టుకుని, గ్లాసు పక్కనుంచుకుని, ప్రింటరు నేనే వేస్తున్నాను. సగం రోజులు టీ చల్లారిపోతుంది. చల్లారిన టీ కూడా బాగానే ఉంటుందని ఈ వయసులో తెలిసింది.

మా ఆయన టైపు కొట్టి బతికిన మనిషి. మొదట టైపు మిషను, తరవాత కంప్యూటరు. వడ్రంగులు, రంగులేసేవాళ్ళు, కుళాయి పనివాళ్ళు చిత్తు కాగితం మీద పెన్సిలుతో గీకిన అంచనాలు తెచ్చిస్తే, వాటిని పట్టికలుగా కొట్టి ఇచ్చేవారు. ఎడమవైపు సామాను పేరు, మధ్యలో ఎన్ని, కుడివైపు ఖరీదు, అడుగున మొత్తం. ప్రతి అంకెకీ వేల దగ్గర కామా, చివర చుక్క, చుక్క తరవాత రెండు సున్నాలు. చిల్లర లేకపోయినా ఆ సున్నాలు ఉండి తీరాలి. అందుకే వీధిలో ఆయన్ని సున్నాల మాస్టారనేవాళ్ళు.

"ఈ సున్నాలకి విడిగా తీసుకుంటారా మాస్టారూ?" అని ఏడిపించేవాడు వడ్రంగి మేస్త్రీ.

"పెట్టడానికి తీసుకోను. పీకమంటే తీసుకుంటాను," అనేవారు ఈయన, తల ఎత్తకుండానే.

అంకెలు కుడిపక్క గీతకి ఆనుకుని నిలబడాలి, చుక్క కింద చుక్క పడాలి. మొత్తం మాత్రం బోడిగా గడప దాటకూడదు. "పిల్లని తల దువ్వకుండా బడికి పంపుతామా?" అనేవారు. మాకు బడికి పంపడానికి పిల్లలు లేరు. ఆయన అంకెలకే తల దువ్వి పంపారు.

నేను చదివింది ఐదో తరగతి. మధ్యాహ్నాలు పని లేనప్పుడు పక్కన కూర్చోబెట్టి నాకు ఉత్తరాలు కొట్టడం నేర్పారు. తప్పు పడితే వెనక్కి తెచ్చుకోవడం, కొత్త వరస చేర్చడం, కాగితం పెట్టడం కూడా. కానీ పట్టికలో ఖరీదుల దగ్గరికి వచ్చేసరికి, "ఉత్తరాలు నీవి, లెక్కలు నావి," అని కుర్చీ తన వైపు లాక్కునేవారు. ఇల్లంతా తుడిచే నన్ను ఆ కీబోర్డు మాత్రం తుడవనిచ్చేవారు కాదు. గుడ్డ తగిలితే ఏదో ఒకటి నొక్కుకుపోతుందని భయం.

ఒకసారి నేను మొత్తం ఉన్న గడిలో మౌసు బాణం పెట్టి నొక్కితే ఆ అంకె వెనక బూడిదరంగు పరుచుకుంది. ఏమిటిది అన్నాను. "అది నేను కొట్టింది కాదు. పైనున్నవన్నీ అదే కూడుకుంటుంది. కాకపోతే నిద్రమొహం, లేపాలి," అన్నారు. ఆయన మాటల్లో సగం హాస్యమే కనక, ఇదీ ఆ ఖాతాలో వేసేశాను.

ఆయన పోయాక ఒక వానాకాలం గడిచింది. మా ఆడపడుచు వారం వారం వచ్చి నాతో ఉంటోంది. మాట కరుకు, చెయ్యి మెత్తన. పోయినవారం వస్తూనే కూరగాయల సంచీ కింద పెట్టి, "వదినా, ముందు గది ఒక టైలరు అడుగుతున్నాడు. ఈ మిషన్లు అమ్మేద్దాం. అన్నయ్య లేకుండా ఎవరొస్తారు చెప్పు?" అంది.

ఆ గదిలో కుర్చీ ఉంది, కిటికీ ఉంది, పొద్దున్న లేస్తే వెళ్ళి కూర్చోవడానికి చోటు ఉంది. అద్దె వస్తుంది నిజమే. గది పోతే నేను రోజంతా వంటింట్లో ఏం చెయ్యను?

"ఎవరైనా లెక్కల పనికి వచ్చి, నా కాగితం తీసుకుని సరేనని వెళ్తే ఉంచుకుంటాను. లేకపోతే నువ్వన్నట్టే," అన్నాను.

"మాట మీద ఉండు మరి," అంది.

ఆ మర్నాడే వడ్రంగి మేస్త్రీ వచ్చాడు. చెవి మీద పెన్సిలు, చొక్కా మీద రంపంపొట్టు.

"అమ్మా, పోయినేడు డాక్టరుగారి ఆసుపత్రికి మాస్టారు కొట్టిచ్చిన అంచనా ఉందిగా? అప్పుడు కుదర్లేదు. ఇప్పుడు బీరువా ఒక్కటీ వద్దు, మిగతావి అవే ధరకి చెయ్యమంటున్నాడు. మధ్యాహ్నం లోపల కాగితం చేతికివ్వాలి."

వెతికి తీశాను. కుర్చీలు, బెంచీలు, రాతబల్ల, బీరువా. బీరువా వరస తీసేశాను. ప్రింటరు వేశాను. ఆడపడుచు గుమ్మంలో నిలబడి బీన్స్ తుంచుతూ చూస్తోంది.

మేస్త్రీ కాగితం అందుకుని పెదాలు కదుపుతూ చదివాడు. పెన్సిలు తీసి అరచేతిలో ఏదో గీసుకున్నాడు.

"బీరువా వెళ్ళిపోయింది గానీ దాని డబ్బు ఇక్కడే కూర్చుందమ్మా."

చూస్తే మొత్తం పాతదే. 48,600.00.

"ముప్ఫై ఒక్క వేల రెండొందల యాభై రావాలి. నాకైతే లాభమే. డాక్టరు మటుకు నాకే సూది పొడుస్తాడు," అన్నాడు.

"చేత్తో కొట్టెయ్ వదినా, ఎవరు చూడొచ్చారు," అంది ఆడపడుచు.

పాతది చెరిపి 31250 అని కొట్టాను. కామా లేదు, చుక్క లేదు, చుక్క తరవాత సున్నాలు లేవు. పైనున్న అంకెల మధ్య బోడిగుండులా ఉంది. మేస్త్రీ తెర మీదకి వంగి చూసి, "మాస్టారి కాగితంలా లేదు," అని గొణిగాడు. "అన్నట్టు పాలిషు కూలి పద్దెనిమిది వందలు కూడా ఒక వరస వెయ్యండమ్మా, మరిచాను."

మళ్ళీ మారాలి. చేత్తో కొట్టింది వెనక్కి తెచ్చేశాను. పాత మొత్తం వచ్చి కూర్చుంది. పాలిషు వరస చేర్చాను. మొత్తం కదల్లేదు. నిద్రమొహం.

లేపాలి అన్నారు. ఎలా లేపేవారు? కళ్ళు మూసుకుని వంటింట్లో నిలబడ్డట్టు విన్నాను. కుర్చీ కిర్రుమనేది, తరవాత ఒకే ఒక్క టిక్కు, ఆ తరవాత ప్రింటరు. కుర్చీ ఎందుకు కిర్రుమంటుంది? దూరంగా ఉన్నదాన్ని అందుకోవడానికి మనిషి ముందుకి వంగితే. కీబోర్డులో అంకెలకీ పైనున్న చివరి వరస చూశాను. ఆ మీటలన్నిటి మీదా ఏళ్ళ దుమ్ము, అద్దినట్టు. ఒక్క మీట మాత్రం అరిగి నున్నగా మెరుస్తోంది.

నొక్కాను. ఏం కాలేదు.

"టైలరుకి కబురు పెట్టనా?" అంది ఆడపడుచు, నవ్వుతూనే.

"ఉండవే తల్లీ." నొక్కేముందు ఆయన తెర మీద పట్టికంతా నల్లగా చేసేవారు, గది తుడుస్తూ ఎన్నోసార్లు చూశాను. ఆ నలుపు కాపీ తియ్యడానికనుకునేదాన్ని. పై మూల నుంచి కింది మూల దాకా బాణం లాగి, అంతా నల్లబడ్డాక మళ్ళీ నొక్కాను.

మొత్తం కన్ను తెరిచింది. 33,050.00. కామా దాని చోట, చుక్క దాని చోట, రెండు సున్నాలూ చేతులు కట్టుకుని.

మేస్త్రీ అరచేతిలో మళ్ళీ గీసుకుని తలాడించాడు. ఆడపడుచు బీన్స్ గిన్నెతో సహా దగ్గరికొచ్చింది.

"లెక్క సరే వదినా. ఆ కామా, సున్నాలు ఎవరు పెట్టారు? నువ్వు కొట్టలేదుగా."

"మీ అన్నయ్యే. మొత్తం ఎలా కనపడాలో మిషనుకి ముందే చెప్పి ఉంచారు. లెక్క మారినా రూపు మారదు."

అది గిన్నె బల్ల మీద పెట్టి ఆ సున్నాల మీదకి వంగింది. మేస్త్రీ కొత్త కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, గుమ్మం దగ్గర ఆగాడు.

"రంగులేసే మా బావమరిది కూడా అడుగుతున్నాడు, షాపు ఉందా లేదా అని. ఏం చెప్పమంటారు?"

నేను ఆడపడుచు వంక చూశాను.

"ఉందని చెప్పు. సున్నాలు కూడా ఉన్నాయని చెప్పు," అందది.

సాయంత్రం అది ఊరికే కూర్చోలేక గది సర్దింది. కిటికీ ఊచలు, ప్రింటరు మూత, బల్ల సొరుగులు తుడిచి, తడిగుడ్డ పిండి నా చేతిలో పెట్టింది. "ఇదిగో, ఆ కీబోర్డు నువ్వే తుడుచుకో, నేను ముట్టుకుంటే మళ్ళీ ఏదో అంటావు. ఎన్నాళ్ళ దుమ్మో."

అక్షరాల మీద, అంకెల మీద, పొడుగు మీట మీద మెల్లగా తుడిచాను. పైవరస దగ్గరికొచ్చి, దుమ్ము మధ్య మెరుస్తున్న ఆ ఒక్క మీట చూసి, గుడ్డ మడిచి కిటికీలో ఆరేశాను.

"అదేంటి, పైన వదిలేశావు?"

"ఉండనీ," అన్నాను, టీకి నీళ్ళు పడేస్తూ.