కొత్త పెట్టని మామిడికాయ

విశాఖ ద్వారకా నగర్‌లో బండి మీద ఉప్పూకారం చల్లిన పచ్చిమామిడి వాసనకి మీకు నోరూరుతుందేమో. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

నా చిన్నప్పుడు ఏటా చైత్రంలో పులిహోర డబ్బా, నీళ్ళ మరచెంబు పట్టుకుని ఇంటిల్లిపాదీ అరకు తోట చూడటానికి రైలెక్కేవాళ్ళం. ఒకసారి తోటలో రాలిన మామిడికాయని నాన్న ప్యాంటుకి తుడుచుకుని కొరికారు. కలుపు తీస్తున్న అవ్వ చేతిలో గడ్డి వదిలేసి అరిచింది.

"కొత్త పండగ ఇంకా అవ్వనేదు బాబూ! కొండదేవతకి పెట్టకుండా తినేసినావేటి? పులొచ్చేత్తాది!"

కృష్ణా జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికొచ్చిన నాన్నకి, తొలి కాయ దేవతకి పెట్టే ఆ కొండ పండగ ఏం తెలుసు? నవ్వేశారు.

తిరుగు రైలు సొరంగంలో దూరింది. చీకట్లో నాన్న చొక్కా గట్టిగా పట్టుకున్నాను. ఒక పొడవాటి సొరంగంలో ఆ చొక్కా నా చేతిలోంచి జారిపోయింది. తడిమితే సీటు ఖాళీ. పెట్టె అదిరేలా "నాన్నా! పులీ!" అని కేక పెట్టాను.

వెలుగొచ్చేసరికి నాన్న తలుపు దగ్గర మరచెంబుతో, పాలిపోయిన ముఖంతో నిలబడి ఉన్నారు.

నిన్న నాన్న ఈ ఏటి తొలి మామిడికాయ కోసి, మొదటి ముక్క పిట్టగోడ మీద పెట్టారు.

"అదెవరికి నాన్నా?"

"నీ పులికేనమ్మా. ఆ కేక విన్నప్పటి నుంచీ నాకూ భయమే."