తన వంతు

ఒహాయోలో, ఉక్కు కర్మాగారం మూతపడిన మా ఊళ్ళో, డార్లీన్ బడి బస్సు నడిపేది. నేనూ అదే పని. మా బస్సులు షెడ్డులో పక్కపక్కనే ఉండేవి. మనిషి నోరు పెద్దది. వెనక పిల్లలు కొట్టుకుంటే అద్దంలోకి చూసి, "కూర్చుంటారా, దిగి నడుస్తారా?" అనేది. ఇక ఎవరూ కిక్కురుమనేవారు కాదు.

వాళ్ల నాన్న ఎమిల్ ఒంటరిగా ఉండేవాడు. ఒక జనవరిలో ఇంటిని వెచ్చగా ఉంచే యంత్రం ఆగిపోయి, చలికి బిగుసుకుపోయి చనిపోయాడు. కొన్నాళ్లదాకా ఎవరూ చూసుకోలేదు. ఆ యంత్రం బాగుచేయిస్తానని డార్లీన్ తమ్ముడు రాడ్నీ ఎప్పటినుంచో వాయిదా వేస్తూ వచ్చాడు. ఆ వారం వెళ్లి చూడాల్సిన చెల్లెలు పాలెట్, మంచు పడుతోందని ఆగిపోయింది. డార్లీన్ ఇద్దరి మీదా దుమ్మెత్తిపోసేది. తనకు మాత్రం ఏమీ తెలియదనేది.

చర్చి కింది గదిలో మంగళవారాలు కొందరం కూడి, బతుకు చక్కదిద్దుకునే పుస్తకాలు చదువుకునేవాళ్లం. తననీ లాక్కెళ్లాను.

"పుస్తకాలతో మనుషులు బాగుపడేట్టయితే నా మాజీ మొగుడు ఈపాటికి దేవదూత అయిపోయేవాడు. అటక నిండా అవే," అంది మొదటిరోజు.

అయినా వస్తూనే ఉంది. ఆ అక్టోబరులో మేం చదివిన పుస్తకం ఒకే మాట పట్టుకుంది: ఎదుటివాళ్ల తప్పు పక్కన పెట్టు, అందులో నీ వంతెంతో చూసుకో, 'కానీ' అనకుండా ఒప్పుకో. ఒకరోజు పైకి చదువుతూ చదువుతూ డార్లీన్ ఆగిపోయింది. బయట కారు దగ్గర నాతో చెప్పింది.

"నాన్న పోయిన వారం, ఆదివారంనాడు నాకు ఫోన్ చేశాడు. మళ్లీ చేశాడు. మోకాళ్ల నొప్పుల గోలే అనుకుని మోగనిచ్చాను."

నవంబరులో ఇంటిల్లిపాదీ కలిసి భోంచేసే థాంక్స్‌గివింగ్ పండగ రోజున రాడ్నీ ఇంట్లో చెప్పేస్తానంది. తన కారు కదలకపోతే నేనే దింపాను. లోపలికి రమ్మంటే వెళ్లాను. భోజనాలయ్యాక డార్లీన్ బల్ల మీద రెండు చేతులూ ఆనించింది.

"నాన్న నాకు ఫోన్ చేశాడు. కావాలనే ఎత్తలేదు. అది నా తప్పు. ఇన్నాళ్లూ మిమ్మల్ని అన్నదానికి కూడా తప్పు నాదే."

చెప్పి వాళ్ల మొహాలకేసి చూస్తూ కూర్చుంది. ఏ మాట కోసం చూస్తోందో నాకు తెలుసు.

రాడ్నీ కుర్చీలో వెనక్కి వాలాడు. "నన్ను హంతకుణ్ణి చూసినట్టు చూశావు గదా డార్లీన్. ఫోన్ నీకొచ్చిందా?"

"వచ్చింది."

"ఒక్కసారి ఎత్తుంటే బతికేవాడు."

"మరి ఆ యంత్రం సంగతి?" అన్నాను, ఉండబట్టలేక.

"ఇది మా ఇంటి విషయం. మీరు కాఫీ తాగండి," అంది పాలెట్. అక్క వైపు తిరిగింది. "నిద్ర పట్టక మాత్రలు మింగుతున్నానే నేను. ఇదంతా నీ వల్లా?"

తిరిగి వస్తుంటే కారులో డార్లీన్, "నా వంతు చెబుదామని వెళ్లాను. మొత్తం నాకే కట్టబెట్టారు," అంది.

క్రిస్మస్ నాటికి ఈ మాట ఊరంతా పాకింది. ఒక ఉదయం బస్సెక్కుతూ ఓ చిన్నపిల్ల, "మీ నాన్నని మీరే చంపేశారటగా?" అని అడిగిందట. డార్లీన్ తలుపు మూసి బస్సు కదిలించింది.

మంగళవారం గుంపు నడిపే వెర్నా, "నిజం చెప్పేశారు. మనసు తేలికపడి ఉంటుంది," అంది.

"లేదు," అని డార్లీన్ కోటు తొడుక్కుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

వసంతంలో రాడ్నీ, పాలెట్ కలిసి ఎమిల్ సమాధికి రాయి పెట్టించారు. డార్లీన్‌కి కబురు లేదు. నేను చెబితే తెలిసింది. ఇద్దరం వెళ్లాం. తను చేత్తో రాయి మీది మట్టి తుడిచింది.

"చెప్పకపోతే బాగుండేదనిపిస్తోందా?" అన్నాను.

"ఫోన్ మోగింది నిజమేగా. నేను ఒప్పుకుంటే వాళ్లూ ఒప్పుకుంటారనుకున్నాను. పుస్తకంలో ఆ మాట లేదు. నేనే అనుకున్నాను."

అప్పటినుంచి బస్సులో పిల్లలు కొట్టుకున్నా ఏమీ అనేది కాదు. మధ్యాహ్నం డ్రైవర్లంతా లోపల తింటుంటే, తను బస్సులోనే కూర్చుని తినేది. ఆ ఏడు థాంక్స్‌గివింగ్‌కి మా ఇంటికి రమ్మన్నాను. సరేనంది. ఆమె కోసం చీకటి పడేదాకా ఎవరమూ తినలేదు. రాలేదు.